పంచింగ్ బ్యాగూ, పొద్దున్నే పట్టేసిన మణికట్టూ

బ్యాగ్ కొట్టడం మొదలుపెట్టిన నెలన్నరకి, ఒకరోజు పొద్దున బాత్రూంలో నీళ్ళ మగ్గు ఎత్తబోతే కుడి మణికట్టు కలుక్కుమంది. మగ్గు జారి బకెట్లో పడింది. ముందురోజు సాయంత్రం డాబా మీద వేలాడదీసిన నల్ల సంచీని అరగంట చితక్కొట్టి, అద్దంలో భుజాలు చూసుకుని మురిసిపోయిన వాణ్ణి నేనే. తెల్లారేసరికి చొక్కా బొత్తాలు ఎడమచేత్తో పెట్టుకుంటూ తంటాలు పడ్డదీ నేనే.

అందరూ చేసేదే చేశాను. బామ్ రాశాను, క్రేప్ బ్యాండేజి చుట్టాను, రెండ్రోజులాగి మళ్ళీ గ్లౌజులు తొడిగాను. నొప్పి మళ్ళీ వచ్చింది. ఇలా మూడుసార్లయ్యాక, విశాఖలో పిల్లలకి బాక్సింగ్ నేర్పే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. నేను నొప్పి ఎంత భయంకరంగా ఉందో వర్ణించడం మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపారు.

"ఎంత నొప్పని అడగలేదు బాబూ. ఎక్కడ నొప్పి? ఒక్క వేలితో చూపించు."

చూపించాను. ఆయన నా చేత్తో గాల్లో నాలుగు గుద్దులు వేయించి చూసి, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పేశారు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. బ్యాగ్ వల్ల వచ్చే కీళ్ళనొప్పికి చాలావరకు ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా దొరికితే తప్పు దొరికినట్టే.

మొదటి అడుగు: గ్లౌజులు పక్కన పెట్టండి, నొప్పికి పేరు పెట్టండి

ముందు బ్యాగ్ కొట్టడం ఆపండి. మంచమెక్కమని కాదు, నడక, తాడాట, గాల్లో నెమ్మదిగా గుద్దులు, కాళ్ళ కసరత్తులు అన్నీ చేసుకోవచ్చు. దెబ్బ తగిలే పని ఒక్కటే వారం పది రోజులు వద్దు.

ఇక నొప్పి సంగతి. మన భాషలో నొప్పులకి ఎన్ని మాటలున్నాయో గమనించారా? సలుపు, పోటు, లాగుడు, తిమ్మిరి, మంట, పట్టెయ్యడం, కలుక్కుమనడం, చురుక్కుమనడం. ఇవన్నీ ఒకటి కావు. డాక్టరుకైనా కోచ్‌కైనా ఈ మాటలతో చెబితే సగం పని అయిపోతుంది. ఏమీ చేయకుండా కూర్చున్నా సలుపుతోందంటే లోపల వాపు ఉండొచ్చు. ఫలానా కదలికకే కలుక్కుమంటోందంటే ఆ కదలికలో పనిచేసే భాగమేదో దెబ్బతింది. తిమ్మిరి ఎక్కుతోందంటే నిజంగా నరం సంగతి. (మనవాళ్ళు దేన్నైనా "నరం పట్టేసింది" అనేస్తారు. తొంభై పాళ్ళు అది నరం కాదు. కండనీ ఎముకనీ కలిపే టెండనో, ఎముకనీ ఎముకనీ కలిపే లిగమెంటో.)

కొత్తగా కసరత్తు చేసిన మర్నాడో ఆ మర్నాడో వచ్చే ఒళ్ళునొప్పులు వేరు. అవి కండలో ఉంటాయి, అరచెయ్యి వెడల్పున పరుచుకుని ఉంటాయి, రెండు చేతులకీ ఇంచుమించు సమంగా వస్తాయి, మూడు నాలుగు రోజుల్లో వాటంతటవే పోతాయి. వాటికి ఈ వ్యాసం అక్కర్లేదు. ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి, కీలు దగ్గర, ఒక చేతికే ఎక్కువగా, వారమైనా తగ్గనిది, దాని గురించే మనం మాట్లాడుకుంటున్నది.

అది నెలన్నర రెండు నెలలకే ఎందుకు వస్తుంది? కండకి రక్తం ధారాళంగా అందుతుంది, కొన్ని వారాల్లోనే బలపడుతుంది. టెండన్‌కీ లిగమెంట్‌కీ రక్తం అంతగా అందదు. అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. అంటే ఆరో వారానికి మీ గుద్దులో కొత్త బలం వచ్చింది, మణికట్టు మాత్రం పాతదే. పైగా లెక్క చూడండి. రెండు సెకన్లకో గుద్దు చొప్పున వేసినా మూడు నిమిషాల రౌండుకి 90. ఆరు రౌండ్లకి 540. వారానికి ఐదు రోజులు కొడితే 2,700. కీబోర్డు తప్ప బరువు తెలియని మణికట్టుకి ఇది చిన్న సంఖ్య కాదు.

రెండో అడుగు: ఇంట్లో చూసుకునేదా, ఎక్స్‌రే తీయించేదా?

ఇక్కడ మొహమాటం వద్దు. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, పిడికిలి నెమ్మదిగా బిగించండి. నాలుగు కణుపులూ వరసలో కొండలా లేచి కనిపించాలి. చిటికెన వేలి కణుపు లోపలికి దిగిపోయి, అరచేతి వెనకవైపు వాచి ఉంటే ఆ వేలి కిందున్న ఎముక మెడ దగ్గర విరిగి ఉండొచ్చు. దీని పేరు బాక్సర్స్ ఫ్రాక్చర్. పేరు బాక్సర్లది గానీ, పిడికిలి సరిగ్గా పట్టడం తెలిసిన బాక్సర్ల కంటే కోపంలో గోడనీ తలుపునీ గుద్దినవాళ్ళకే ఇది ఎక్కువ.

ఇప్పుడు పిడికిలిని మీవైపు తిప్పి చూడండి. మూసిన వేళ్ళ కొనలన్నీ బొటనవేలి మొదలు వైపు చూడాలి. ఏదైనా ఒక వేలు పక్కవేలి మీదకో కిందకో ఎక్కిపోతుంటే ఎముక మెలి తిరిగిందన్నమాట. అది పట్టీలతో సర్దుకునేది కాదు.

బొటనవేలు పైకి చాపండి. దాని మొదట్లో, మణికట్టు దగ్గర, రెండు తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది. అందులో వేలితో నొక్కితే ప్రాణం లాగేస్తున్నట్టుంటే అశ్రద్ధ చెయ్యకండి. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. దానికి రక్తం అందే దారి సన్నం, కాబట్టి విరిగితే అతకడం కష్టం. పైగా మొదటి ఎక్స్‌రేలో పగులు కనపడకపోవడమూ ఉంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నా నొప్పి పోకపోతే పది పద్నాలుగు రోజులకి మళ్ళీ చూపించుకోవాలి.

మధ్యవేలి కణుపు మీద వాపు, పిడికిలి బిగించినప్పుడల్లా కణుపు మీది తాడు పక్కకి టిక్కుమని జారడం, ఇది బాక్సర్స్ నకుల్ కావచ్చు. తాడుని మధ్యలో పట్టి ఉంచే పొర చిరిగితే ఇలా అవుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కి తగ్గకపోవడం, మోచెయ్యి మధ్యలో ఇరుక్కుపోవడం, చెయ్యి భుజం దాటి పైకి లేవకపోవడం, రాత్రి నిద్రలో లేపే నొప్పి, ఇవన్నీ అదే దారి. కీలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే ఆ రోజే వెళ్ళాలి. బ్యాగ్ తగలని కీళ్ళు కూడా, రెండు చేతుల వేళ్ళూ, పొద్దున్నే అరగంటకి మించి బిగుసుకుపోతుంటే నేరాన్ని బ్యాగ్ మీద వెయ్యకండి. వాతం సంగతి తేల్చే రక్తపరీక్షలు చేయించుకోండి.

ఎముక అనగానే మనలో చాలామందికి పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, మా బంధువుల్లోనే దాన్ని నమ్మేవాళ్ళున్నారు. కానీ ఒక్క చేతిలో 27 ఎముకలున్నాయి, అందులో ఎనిమిది మణికట్టులోనే గులకరాళ్ళలా ఇరుక్కుని ఉన్నాయి. ఏది విరిగిందో తెలియకుండా ఏ కట్టూ కట్టించుకోకూడదు. ముందు ఎక్స్‌రే.

మూడో అడుగు: చిరునామా వెతకండి

పై ప్రమాదాలేవీ లేవని తేలాక అసలు పని మొదలు. గ్లౌజుల్లేకుండా, బ్యాగ్ దగ్గర నిలబడి, దెబ్బ వెయ్యకుండా పిడికిలి ఆనించి చూసుకోవాలి. ఎవరినైనా పక్కనుంచి ఫోన్లో వీడియో తియ్యమనండి. నా వీడియో నేను చూసుకున్న రోజు తెలిసింది, నేననుకున్న పంచ్‌కీ నేను వేస్తున్న పంచ్‌కీ ఏ సంబంధమూ లేదని.

*కణుపులు.* చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండు కణుపులే బ్యాగ్‌కి తగలాలి. వాటి వెనకున్న ఎముకలు మణికట్టుతో గట్టిగా బిగుసుకుని ఉంటాయి, దెబ్బ తిన్నగా ముంజేతిలోకి పోతుంది. చిటికెన, ఉంగరం వేళ్ళ ఎముకలు కదిలే రకం; అవి దెబ్బ మొయ్యలేవు. చిటికెన వైపు నొప్పిగా ఉందంటే దెబ్బ అటు పడుతోందని అర్థం. పిడికిలి బిగించడంలో మెలకువ ఉంది: ముందు వేళ్ళ కొనలు ముడవాలి, తరవాత అరచేతిలోకి చుట్టాలి, బొటనవేలు బయటనుంచి చూపుడు, మధ్య వేళ్ళ మీదుగా అడ్డంగా పడుకోవాలి. బొటనవేలు లోపల దాచుకుంటే అదే ముందు విరుగుతుంది. దారి పొడుగునా బిగించి ఉంచనక్కర్లేదు; తగలబోయే ముందు బిగిస్తే చాలు.

*మణికట్టు.* కొత్తవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. నా చిరునామా కూడా ఇదే, చిటికెన వేలి వైపు పొడుచుకొచ్చిన ఎముక కింద. అక్కడ రెండెముకల మధ్య మెత్తటి దిండులాంటి మృదులాస్థి ఉంటుంది. మణికట్టు ఒక పక్కకి వంగి ఉండగా దెబ్బ పడితే ఆ దిండు నలుగుతుంది. పక్కనుంచి వంపుగా వేసే గుద్దు, అదే హుక్, వేసేటప్పుడు నా మణికట్టు లోపలికి మడతపడుతోంది, అదీ సంగతి. మాస్టారు ఒక స్కేలు తెప్పించి నా చేతి వెనక భాగం మీద, ముంజేతి మీదుగా పెట్టారు. మధ్య కణుపు నుంచి మోచేతి దాకా స్కేలు చెయ్యిని అంటిపెట్టుకుని ఉండాలి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ వంకర. ఇంట్లో పిల్లల స్కేలుతో ఇది ఇప్పుడే చూసుకోవచ్చు. ముందు చేత్తో తిన్నగా వేసే జాబ్‌కి ఒకసారి, హుక్‌కి ఒకసారి, కిందినుంచి పైకి వేసే అప్పర్‌కట్‌కి ఒకసారి. మూడింటిలో ఏదో ఒకటి తేడాగానే ఉంటుంది, పందెం.

మరొకటి. ఊగుతున్న బ్యాగ్ మీవైపు వస్తున్నప్పుడు కొడితే మీ బలానికి దాని బరువు కూడా తోడై వెనక్కి తన్నుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు దాంతో ఆడుకుంటారు. మీరు మాత్రం బ్యాగ్ నిలిచాక కొట్టండి.

*మోచెయ్యి.* వెనకవైపు, మోచేతి మొన దగ్గర కలుక్కుమంటోందా? జాబ్ వేసినప్పుడు చెయ్యి పూర్తిగా చాచి ఠక్కున లాక్ చేస్తున్నారు. ముఖ్యంగా గురి తప్పి గాల్లోకి పోయిన పంచ్ చేసే నష్టం బ్యాగ్‌కి తగిలిన పంచ్ కూడా చెయ్యదు, ఆపేది ఏదీ లేక మోచేతి మొన పైచేతి ఎముకకి వెనకనుంచి కొట్టుకుంటుంది. అరడుగు ముందుకి జరగండి. దెబ్బ తగిలే సమయానికి మోచెయ్యి రవ్వంత వంగి ఉండాలి. మోచేతి బయటవైపు నొప్పి అయితే టెన్నిస్ ఎల్బో తరహా, లోపలివైపు అయితే గోల్ఫర్స్ ఎల్బో తరహా. ఆ రెండింటికీ గ్లౌజు లోపల పిడికిలిని రౌండంతా ఉడుంపట్టులా బిగించి ఉంచడం ఒక కారణం. పగలంతా మౌసు పట్టుకునేవాళ్ళకి ఇంకా తొందరగా వస్తుంది.

*భుజం.* ముందుభాగంలోనో పైనో నొప్పి, చెయ్యి పక్కనుంచి పైకెత్తుతుంటే మధ్యలో ఒకచోట పట్టేసి పైకి పోయాక వదిలేస్తుంటే, భుజం కీలుని చుట్టి ఉండే రొటేటర్ కఫ్ నలుగుతోందని అనుమానించాలి. హుక్ వేసేటప్పుడు మోచెయ్యి భుజం కంటే పైకి లేస్తోందేమో చూడండి. ఇంకో తప్పు, బ్యాగ్‌ని కొట్టకుండా తొయ్యడం. బ్యాగ్ దూరంగా ఊగితే గట్టిగా కొట్టామనుకుంటాం. నిజానికి మంచి గుద్దుకి బ్యాగ్ తుళ్ళిపడుతుంది, చప్పుడు "టప్" మని వస్తుంది. తోపుకి బ్యాగ్ ఉయ్యాలలా పోతుంది, చప్పుడు "దుబ్" మని మందంగా ఉంటుంది. బలం నేల మీదినుంచి పాదం, నడుము మీదుగా రావాలి. నడుము తిరగకపోతే ఆ పనంతా భుజం నెత్తిన పడుతుంది.

భుజాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో శస్త్రచికిత్స చేయించుకుని దాదాపు ఏడాది రింగ్‌కి దూరమైంది. అదే అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఏడాది ఆగడం ఆమెకే తప్పలేదు, డాబా మీద బ్యాగ్ కొట్టే మనం పది రోజులు ఆగలేమా?

*మోకాలు.* బ్యాగ్‌కీ మోకాలికీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. పాదం నేలకి అతుక్కుపోయి, పైన నడుము తిరిగితే మెలి పడేది మోకాలే. వెనక చేత్తో తిన్నగా క్రాస్ వేసేటప్పుడు వెనక కాలి మడమ లేచి, మునివేళ్ళ మీద పాదం తిరగాలి, బీడీ ముక్క నలిపినట్టు. అంతే.

నాలుగో అడుగు: బ్యాగ్‌ని విప్పి చూడండి

నేను కొన్న బ్యాగ్ ఖాళీది. మీరట్, జలంధర్ వైపు తయారై ఆన్‌లైన్లో వచ్చేవాటిలో చాలావరకు అలా ఖాళీగానే వస్తాయి, నింపుకోవడం మన బాధ్యత. మా వీధిలో ఇల్లు కడుతున్నారు, ఇసక గుట్ట ఉంది. అడిగి నాలుగు బకెట్లు తెచ్చి, పైన కాసిని పాత బట్టలు కుక్కి, గర్వంగా వేలాడదీశాను.

మాస్టారు ఇంటికొచ్చి దాన్ని ఒకసారి అరచేత్తో తట్టి నా మొహం చూశారు. "ఏటి బాబూ, ఇసకేసీసావా? గోడే గుద్దుకోవలసింది, డబ్బులైనా మిగిలేవి."

ఇసక నెమ్మదిగా అడుక్కి దిగి గడ్డకడుతుంది. సముద్రపు గాలి తేమకి ఇంకా గట్టిపడుతుంది. పైభాగం పరుపు, కింది భాగం బండ. ఒకే బ్యాగ్ మీద ఒక్కో గుద్దుకి ఒక్కో గట్టిదనం తగిలితే మణికట్టు దేనికని సిద్ధపడుతుంది?

నింపవలసింది బట్టలతో. టైలర్ కొట్టులో కత్తిరింపు ముక్కలు గోనెలకి గోనెలు ఉంటాయి, అడిగితే ఇస్తారు. పాత దుప్పట్లు, చీరలు, టీషర్టులు కూడా పనికొస్తాయి. బొత్తాలు, జిప్పులు, హుక్కులు అన్నీ కత్తిరించి పారెయ్యాలి. ఈ పని విసుగనిపించి వదిలేస్తే ఏదో ఒకరోజు జీన్స్ బొత్తాం మీ కణుపుకే తగులుతుంది. జానెడు ఎత్తు వెయ్యడం, రోకలితోనో కర్రతోనో దంచి అణచడం, మళ్ళీ జానెడు వెయ్యడం. నాకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. రెండు మూడు వారాలకి అణిగి పైన ఖాళీ వస్తుంది, మళ్ళీ నింపాలి. బరువు మీ బరువులో సగం ఉంటే చాలు. డెబ్బై కిలోల మనిషికి ముప్ఫై అయిదు.

ఎత్తు కూడా చూడండి. బ్యాగ్ నడిభాగం మీ ఛాతీ ఎదురుగా ఉండాలి. కిందికి వేలాడితే పిడికిలి వంచి కిందికి గుద్దుతారు, మణికట్టు మడతపడుతుంది. నిలబడే చోట ఒట్టి కాంక్రీటు కాకుండా రబ్బరు మ్యాట్ ఉంటే మోకాళ్ళు దండం పెడతాయి.

అయిదో అడుగు: పట్టీ, గ్లౌజు

గ్లౌజులున్నాయి కదా, పట్టీ ఎందుకని చాలామంది వదిలేస్తారు. గ్లౌజు చర్మానికీ కణుపులకీ మెత్త. మణికట్టునీ చేతి ఎముకలనీ ఒక కట్టగా బిగించి ఉంచేది హ్యాండ్ ర్యాప్. కొంచెం సాగే గుణమున్న, 4.5 మీటర్ల పట్టీ కొనండి. ప్యాకెట్ మీద 180 అంగుళాలని ఉంటుంది. మూడు మీటర్లవి పిల్లల చేతులకి.

చుట్టేటప్పుడు వేళ్ళు బార్లా చాపి ఉంచాలి. ఉచ్చులో బొటనవేలు దూర్చి, పట్టీని చేతి వెనకవైపు నుంచి మణికట్టు మీదికి తీసుకెళ్ళండి. మణికట్టుకి మూడు చుట్లు. అక్కణ్ణించి చేతి వెనకగా ఎక్కి కణుపుల మీదుగా మూడు చుట్లు. తరవాత వేళ్ళ సందుల్లోకి: చిటికెన, ఉంగరం వేళ్ళ మధ్య ఒకటి, ఉంగరం, మధ్య వేళ్ళ మధ్య ఒకటి, మధ్య, చూపుడు వేళ్ళ మధ్య ఒకటి, ప్రతిసారీ పట్టీ తిరిగి బొటనవేలి మొదలుకి వస్తుంది. బొటనవేలికి ఒక చుట్టు. ఇంకోసారి కణుపులు. మిగిలిందంతా మణికట్టుకి చుట్టి వెల్క్రో అంటించెయ్యండి. చెయ్యి తెరిస్తే హాయిగా, పిడికిలి బిగిస్తే బిగువుగా ఉండాలి. వేళ్ళ కొనలు నీలంగా మారినా, జివ్వుమన్నా విప్పి మళ్ళీ మొదలు. మొదటి పదిసార్లూ చిరాకొస్తుంది, జడ వేసినంత పని. తరవాత టీవీ చూస్తూ చుట్టేస్తారు.

గ్లౌజు బరువు ఔన్సుల్లో చెబుతారు. ఔన్సు అంటే 28 గ్రాముల చిల్లర. బ్యాగ్ కోసం 14 ఔన్సులు, అంటే సుమారు 400 గ్రాముల గ్లౌజు మధ్యరకం మనిషికి సరిపోతుంది. చిన్న చేతులవాళ్ళకి 12 చాలు, భారీ మనిషికి 16. కొన్నాళ్ళకి లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. గ్లౌజు తొడుక్కుని కణుపుల దగ్గర రెండోచేతి బొటనవేలితో గట్టిగా నొక్కండి. మీ కణుపు మీకు స్పష్టంగా తగిలితే కొత్తవి కొనే సమయం వచ్చినట్టే.

ఆరో అడుగు: ఈలోగా నొప్పికి ఏం చెయ్యాలి

కొత్తగా వాచి వెచ్చగా ఉంటే ఐసు, పల్చటి గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు, ఒకటి రెండు రోజులు. ఐసు నొప్పిని తగ్గిస్తుంది, గాయాన్ని మాన్పదు. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మర్కిన్, ఆ తరవాత కొన్ని దశాబ్దాలకి ఐసు, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చెయ్యవచ్చని తన మాట తనే మార్చుకున్నాడు. కాబట్టి నొప్పి ఓర్చుకోలేనప్పుడు వాడండి, గంటలకొద్దీ వద్దు.

వాపు లేని, పాతబడిన, పొద్దున్నే బిగుసుకుపోయే నొప్పికి కాపడం హాయి. వావిలాకు వేసి మరిగించిన నీళ్ళతో అమ్మ పెట్టే కాపడం నాకు ఏ హీట్ ప్యాడ్ కన్నా నచ్చుతుంది, ఆకు మహిమో అమ్మ మహిమో తెలియదు. కానీ వాచిన మొదటి రెండ్రోజుల్లో కాపడమూ వద్దు, నూనె పెట్టి ఈడ్చి తోమించుకోవడం అసలే వద్దు.

బామ్ సంగతి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచీ పసుపుపచ్చ సీసా లేని తెలుగిల్లు లేదేమో. రాసుకోండి, చల్లగా మంటగా ఉండి నొప్పిని మరిపిస్తుంది. అంతవరకే దాని పని. రాసుకుని వెంటనే గ్లౌజు తొడిగితే మాత్రం చెమటకి చెయ్యి భగ్గుమంటుంది, ఆ చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఇక రౌండు అయిపోయినట్టే.

మాత్రలు వేసుకుని బ్యాగ్ కొట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నొప్పి చెబుతున్న చిరునామానే మీరు చెరిపేస్తున్నారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి మింగితే కడుపుకీ కిడ్నీలకీ చేటు. జ్వరం ఉండి డెంగీ అనుమానముంటే అసలే ముట్టుకోకూడదు.

ఏడో అడుగు: బియ్యం బకెట్

నాలుగైదు రోజులకి పదునైన నొప్పి తగ్గాక కీలుకి పని చెప్పాలి. ఊరికే ఉంచితే తగ్గినట్టే ఉండి మొదటి గుద్దుకే తిరగబెడుతుంది.

ముందు కదలని కసరత్తు. గోడకి ఎదురుగా నిలబడి, పిడికిలి గోడకి ఆనించి, మణికట్టు తిన్నగా ఉంచి నెమ్మదిగా ఒరగండి. ముప్ఫై సెకన్లు, అయిదుసార్లు. నొప్పి పదిలో మూడుకి మించకూడదు, మర్నాటికి పెరగకూడదు. తరవాత లీటరు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని ముంజెయ్యి బల్ల మీద పెట్టి, మణికట్టుని రెండో చేతి సాయంతో పైకెత్తి, సాయం లేకుండా నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించండి. పదిసార్లు. మోచేతి నొప్పివాళ్ళకి కూడా ఇదే మందు. భుజానికైతే మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, రబ్బరు బ్యాండుని బయటకి లాగడం.

ఇక అసలు సంగతి. బకెట్లో అయిదారు కిలోల బియ్యం పొయ్యండి. చెయ్యి మణికట్టు దాటేదాకా దింపి, లోపల పిడికిలి మూసి తెరవండి, చెయ్యి ఇటూ అటూ తిప్పండి, వేళ్ళు చాపి తవ్వండి. ఒక్కోటి అరనిమిషం. పైకి పిల్లలాటలా ఉంటుంది. రెండో నిమిషానికి ముంజెయ్యి మండిపోతుంది. పిడికిలి మూసే కండలు మనకి ఎలాగూ బలంగానే ఉంటాయి, తెరిచే కండలకి పని దొరికేది ఇక్కడే. మొదటిరోజు మా అమ్మ చూసి, "అన్నం వండుకునే బియ్యంలో ఆ ఆటలేటిరా, లచ్చిందేవికి కోపమొస్తాది" అని కేకలేసింది. ఇప్పుడు పురుగు పట్టిన రేషన్ బియ్యం బకెట్ ఒకటి విడిగా డాబా మెట్ల కింద ఉంది. బియ్యం దొరక్కపోతే తడి తువ్వాలు పిండడం కూడా మంచిదే.

ఎనిమిదో అడుగు: మళ్ళీ బ్యాగ్ దగ్గరికి

గోడకి పిడికిలితో ఒరిగి ముప్ఫై సెకన్లు నొప్పి లేకుండా ఉండగలిగిన రోజు మొదలుపెట్టవచ్చు. అంతకుముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కాలి: తాడాట, మణికట్లు భుజాలు తిప్పడం, రెండు రౌండ్లు గాల్లో.

మొదటి వారం రెండే రోజులు, మధ్యలో రెండు రోజుల ఎడం. రెండు నిమిషాల రౌండ్లు రెండు, మధ్యలో నిమిషం విశ్రాంతి. మీ బలంలో మూడో వంతు మించకుండా, తిన్నటి పంచ్‌లు మాత్రమే, జాబ్, క్రాస్. హుక్ వద్దు. రెండో వారం రౌండ్లు మూడు చెయ్యండి, బలం పెంచకండి. మూడో వారం బలం సగానికి తెచ్చి, రౌండ్లు అక్కడే ఉంచండి. ఒక్కో వారం ఒక్కటే పెంచాలి. రౌండ్లో, బలమో, రోజులో. నాలుగో వారం నుంచి నెమ్మదిగా హుక్. ఎప్పుడు పెంచాలో గడియారం చెప్పదు, మర్నాటి పొద్దు చెబుతుంది. మగ్గు ఎత్తగలిగితే ముందుకి, కలుక్కుమంటే ఒక వారం వెనక్కి.

అలిసిపోయాక కొట్టే గుద్దులే ఎక్కువ ఖరీదైనవి. చివరి అరనిమిషంలో మోచెయ్యి జారుతుంది, మణికట్టు వంగుతుంది, మనసులో మాత్రం ఛాంపియన్‌షిప్ ఫైనల్ నడుస్తుంటుంది. ఆ అరనిమిషం వదిలెయ్యండి. నా ఫోన్లో మూడు నిమిషాల బెల్లు ఇప్పటికీ రెండున్నరకే మోగేలా పెట్టి ఉంది.

నేను మళ్ళీ నాలుగు రౌండ్లకి చేరడానికి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండో వారం మాస్టారు డాబా మీదికొచ్చి, బ్యాగ్‌ని మళ్ళీ అరచేత్తో తట్టి చూశారు. ఈసారి ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ, "ఇసకేం చేసావు?" అని మాత్రం అడిగారు.